ఉక్కపోత ఊళ్లో తేమ డబ్బా

చెన్నైలో కాపురముంటూ పాము కోసం తేమ డబ్బా తయారుచేశానని చెబితే నవ్వనివాళ్లు ఇంతవరకు నాకు తారసపడలేదు. "సముద్రం ఒడ్డున కూర్చుని ఉప్పు అప్పడిగినట్టుంది మీ వరస" అన్నారు మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. ఆయన్ను తప్పుపట్టలేను. మే నెలలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లిఫ్టు దాకా వెళ్లేలోపు వీపుకు అతుక్కుపోయే ఊరు ఇది. వేయించిన అప్పడం భోజనం ముగిసేదాకా కరకరలాడదు. ఇలాంటి చోట తేమ చాలక ఒక ప్రాణి చర్మం పేలికలైందని ఎవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్నే.

2023 మేలో మా సుబ్బారాయుడు కుబుసం విడిచాడు. విడిచాడు అని మర్యాదకు అంటున్నాను. ఆరోగ్యంగా ఉన్న పాము మూతి దగ్గర మొదలుపెట్టి తోక కొస దాకా ఒకే ముక్కగా, మేజోడు తిరగదీసినట్టు పాత చర్మాన్ని వదిలేస్తుంది. మావాడి ఒంటి మీద అది పాత గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా లేచి ఆగిపోయింది. నడుము దగ్గర ఒక పట్టీ, తోక చివర ఒక ఉంగరం. అన్నిటికంటే భయపెట్టినవి కళ్లు. పాముకు రెప్పలుండవు. కన్ను మీద కళ్లద్దం బిళ్లలా పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడిరావాలి. రెండు కళ్ల మీదా అది అలాగే మిగిలిపోయింది. "పురుగుకు చూపు మందగించిందిరా, ఎవరికైనా చూపించు" అంది అమ్మ. చీకటిపడ్డాక ఆమె పాము అనే మాట పలకదు.

సుబ్బారాయుడు అన్న పేరూ ఆమె పెట్టిందే. ఇంట్లోకి రానివ్వననే మొదట పట్టుబట్టింది. వచ్చాక మాత్రం పేరులేని సర్పం ఇంట్లో ఉండకూడదంది. జాతి బాల్ పైథాన్, పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల పాము. విషం లేదు. బెదిరితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే. విదేశం వెళ్లిపోతూ ఒక స్నేహితుడు 2022లో కాగితాలతో సహా నాకు అప్పగించాడు. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్‌లో విదేశీ జీవాలను స్వచ్ఛందంగా వెల్లడించే అవకాశం ఇచ్చినప్పుడు అతను నమోదు చేయించిన పాము అది. 2022లో చట్టాన్ని సవరించి, అరుదైన జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం జాబితాల్లోని విదేశీ జీవాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలు కిందికి తెచ్చారు. 2024లో నియమాలు వచ్చాక పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో మరోసారి నమోదు చేయించాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యాసం చదివి ఎవరూ పొలంలో దొరికిన జెర్రిపోతును డబ్బాలో పెట్టకూడదని. మన దేశపు పామును ఇంట్లో పెంచుకోవడం నేరం, అది ఎంత సాధువైనా సరే.

ఇక అసలు ప్రశ్న. ఇంత తేమ ఊళ్లో తేమ ఎక్కడికి పోయింది?

మా బాల్కనీలో ఒక బకెట్టు ఉంటుంది, అందులోకి పోయింది. ఏసీ గొట్టం నుంచి రాత్రంతా బొట్టుబొట్టుగా కారి తెల్లవారేసరికి సగం నిండే నీళ్లు గదిలోని గాలి పోగొట్టుకున్న నీళ్లే. మాది వేళచ్చేరిలో రెండు పడకగదుల ఫ్లాటు. ఒక గది అమ్మది. అక్కడ పాముకు ప్రవేశం లేదు. హాలుకు పడమటి ఎండ కొడుతుంది. మిగిలింది నేను పనిచేసుకునే గది. అందులో పగలల్లా ఏసీ 25 డిగ్రీల మీద నడుస్తుంది, గాలిలో తేమ 50 శాతం దగ్గర ఆడుతుంది. అక్కడితో ఆగితే పరవాలేదు. పాము పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల వెచ్చదనం కోసం అడుగున హీటింగ్ మ్యాట్ పెట్టాలి. గాలి వేడెక్కేకొద్దీ అది మోయగలిగే నీటి ఆవిరి పెరుగుతుంది, ఉన్న ఆవిరి మాత్రం అంతే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర 50 శాతం ఉన్న గాలిని చుక్క నీరు చేర్చకుండా 32కి వేడిచేస్తే తేమ 33 శాతానికి పడిపోతుంది. బాల్ పైథాన్‌కు కావలసింది 60 నుంచి 80 మధ్య. అంటే కిటికీ అవతల జనం చెమటలు కక్కుతుంటే, కిటికీ ఇవతల రెండడుగుల పెట్టెలో నేను రాయలసీమ ఏప్రిల్‌ను తయారుచేసి పెట్టాను.

అది నాకు తెలియకపోవడానికి కారణం పెట్టెకు అంటించిన ముల్లు మీటరు. అది ఎప్పుడు చూసినా 60 చూపేది. కుబుసం గొడవ తర్వాత దాన్ని ఉప్పుతో పరీక్షించాను. సీసా మూతలో చెంచాడు ఉప్పు, తడి ఇసుకలా అయ్యేంతవరకే నాలుగు చుక్కల నీళ్లు. మూతనూ మీటరునూ కలిపి గాలి చొరని సంచిలో పెట్టి ఒక రాత్రి కదపకుండా వదిలేయాలి. తడి ఉప్పు చుట్టూ ఉన్న గాలి 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. నా మీటరు 92 చూపింది. అంటే 60 అని చూపిన రోజుల్లో పెట్టెలో ఉన్నది 40 చిల్లరే. వేలు పోసి కొన్న పెట్టెకు తోడుగా ఉచితంగా ఇచ్చిన మీటరు అది, దాని మాట నమ్మి ఏడాది గడిపాను. అంకెల మీటరు కొని, దానికీ అదే ఉప్పు పరీక్ష పెట్టి, 73 చూపితే అప్పుడు నమ్మాను.

తేమ తక్కువైందని తెలిశాక నేను చేసిన పని ఇంకా పెద్ద తప్పు. పెట్టెంతా తడిపాను. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో పొద్దున, సాయంత్రం. అదీ చాలదని పొగమంచు చిమ్మే యంత్రం ఒకటి తెప్పించాను. చూడటానికి అరకు లోయలా ఉండేది. మూడు వారాలకు పాము పొట్ట కింది పొలుసులు గోధుమ రంగుకు తిరిగి, అక్కడక్కడ చిన్న బొబ్బలు లేచాయి. ఎప్పుడూ తడి మీద పడుకోవలసి వస్తే పొట్ట చర్మం చెడుతుంది. దానికి చల్లదనం తోడైతే ఊపిరితిత్తులకూ ఎసరు. పశువైద్యుడు పెట్టె అడుగున పరిచిన పొట్టును మొత్తం తీయించి, పొడి వార్తాపత్రికలు పరచమని, పూతమందు రాసి ఇచ్చాడు. ఆరిపోతే చర్మం ఊడదు, తడిస్తే చర్మం కుళ్లుతుంది. ఇక ఎలాగయ్యా అని నేనడిగితే ఆయన నవ్వి, "రెండూ పెట్టండి, ఏది కావాలో అది చూసుకుంటుంది" అన్నాడు.

ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి నాకు మా ఊరి పుట్ట గుర్తుకు రావలసి వచ్చింది.

పెంపకందార్లలో ఒక వాదం ఉంది. బాల్ పైథాన్ గడ్డిమైదానాల పాము, అక్కడ నవంబరు చివరి నుంచి మార్చి దాకా సహారా మీదుగా హర్మటాన్ అనే దుమ్ముగాలి వీస్తుంది, పెదవులు పగిలేంత పొడి, అలాంటి పాముకు ఈ తేమ ముచ్చటెందుకు అని. వినడానికి బాగుంటుంది. చెన్నై తేమ చాలదా అని నవ్విన మా కార్యదర్శి వాదమూ, ఈ వాదమూ ఒకే తల్లి పిల్లలు. ఇద్దరూ వాతావరణ శాఖ లెక్కలు చూసి పాము గురించి మాట్లాడుతున్నారు. పాము ఆ లెక్కల్లో నివసించదు. బాల్ పైథాన్ పగలంతా ఎలుకలు తవ్వి వదిలేసిన బొరియల్లో, చెదపుట్టల్లో గడుపుతుంది. పైన హర్మటాన్ వీస్తున్నా లోపల మట్టి చెమ్మ చెమ్మగా ఉంటుంది.

చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరాయని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. (చీమలు కాదు, చెదలు. కానీ సామెతతో పేచీ పెట్టుకుంటే గెలవలేం.) నెల్లూరు జిల్లాలో మా ఊరి చెరువు కట్ట కింద నిలువెత్తు పుట్ట ఉండేది. నాగుల చవితికి అమ్మ వెంట వెళ్లి, చిమ్మిలి, చలిమిడి పెట్టి, పాలు పోసి, పుట్ట బంగారం చెవులకు రాసుకుని వచ్చేవాళ్లం. పాము పాలు తాగదని ఆరో తరగతిలో తెలుసుకుని ఇంట్లో పెద్ద ఉపన్యాసం ఇచ్చి చీవాట్లు తిన్నాను. పుట్టలో పాము ఎందుకుంటుందన్న ప్రశ్న మాత్రం ఆ తెలివితేటలకు తట్టలేదు. జవాబు తర్వాతెప్పుడో ఒక మే నెలలో కనిపించింది. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ పుట్టను యంత్రంతో తవ్వారు. పైన చెరువు నెర్రెలిచ్చి ఉంది. పుట్ట లోపలి మట్టి మాత్రం అప్పుడే కలిపిన రొట్టె పిండిలా మెత్తగా, తడిగా ఉంది. చెదలు లోపల బూజు తోటలు పెంచుతాయి. ఆ బూజు బతకాలంటే గాలి దాదాపు నీటితో నిండి ఉండాలి. అందుకోసం కింది నుంచి తడి మోసుకొచ్చి, గోడలు కట్టి, గాలిని అదుపులో పెడతాయి. చెదలు ఖాళీ చేశాక ఆ ఇంట్లోకి త్రాచు దిగుతుంది. నాగదేవత నివాసమని మనం పసుపు కుంకుమ పెట్టేది నిజానికి అద్భుతమైన ఒక తేమ డబ్బాకు.

ఇదే ముచ్చట ఆఫ్రికాలోనూ ఉంది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో కొండచిలువల గుడి ఉంది. అక్కడ పూజలందుకునేవి ఈ బాల్ పైథాన్లే. అప్పుడప్పుడు రాత్రిళ్లు బయటికి వదిలితే ఎలుకల కోసం ఊరు తిరుగుతాయి. ఎవరింట్లోకైనా దూరితే అతిథిలా చూసి మళ్లీ గుడికి చేరుస్తారు. ఈ సంగతి చెప్పిన రోజు నుంచి అమ్మ సుబ్బారాయుణ్ని దూరదేశపు చుట్టంలా చూడటం మొదలుపెట్టింది.

కాబట్టి నేను కట్టవలసింది పుట్ట. పెట్టె మొత్తం పొడిగా ఉండాలి, అందులో ఒక మూల ఒక పుట్ట ఉండాలి.

మొదటి పుట్ట బిర్యానీ బకెట్టు. చెన్నైలో ఏ ఇంటి అటక వెతికినా ఒకటి దొరుకుతుంది, ఆదివారం బంధువులు వచ్చినప్పుడు మూతతో సహా ఇంటికి చేరే తెల్ల ప్లాస్టిక్ బకెట్టు. శీకాయతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను, రెండు రోజులు ఎండబెట్టాను. అయినా మూత తీస్తే లవంగాల వాసన. సుబ్బారాయుడు కన్నం దగ్గరికి వచ్చి నాలుక రెండుసార్లు ఆడించి వెనుదిరిగాడు. వాసన నచ్చలేదో, తెల్ల గోడల గుండా వెలుతురు పడటం నచ్చలేదో తెలియలేదు. ఇప్పుడైతే వెలుతురే అంటాను. చీకటిగా లేనిది పుట్ట కాదు.

రెండోది పారీస్ కార్నర్ దగ్గర కొన్న ముదురు నీలం డబ్బా. పిండి నిల్వ చేసుకునే రకం, గట్టి మూత. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు. పెద్దది కొనాలన్న ఆశను చంపుకోవాలి. పాము చుట్టుకుంటే ఒళ్లు డబ్బా గోడలకు తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. పక్క గోడకు, అడుగు నుంచి రెండంగుళాలు పైన, మూడున్నర అంగుళాల కన్నం పెట్టాను. అంత పైన ఎందుకంటే చెమ్మ కోసం లోపల వేసే తడి నాచు బయటికి ఒలకకుండా. కత్తితో కోయడానికి ప్రయత్నించి డబ్బాను చీల్చుకున్నవాణ్ని నేను, మీరు ఆ పని చేయకండి. టంకం పెట్టే కడ్డీని కాల్చి గుండ్రంగా గీసుకుంటూ పోతే వెన్నలా తెగుతుంది. కిటికీ దగ్గర కూర్చుని చేయాలి, ఆ పొగ మంచిది కాదు. తర్వాత అంచు. వేలు తిప్పితే ఎక్కడా గీరుకోకూడదు, గరుకు కాగితంతో అరగంట రుద్దినా తప్పులేదు. కుబుసం విడిచే పాము చర్మం పచ్చిగా ఉంటుంది, అది ఇరవైసార్లు ఆ అంచు మీదుగా పాకుతుంది. పై భాగాన బియ్యపు గింజంత చిల్లులు ఐదారు చాలు. ఎక్కువ పెడితే తేమ పోతుంది, అసలు లేకపోతే లోపల ముక్కవాసన.

లోపల ఏమి వేయాలన్నది పెద్ద చర్చ. కొబ్బరి పొట్టు చవక, ఇక్కడ ఏ నర్సరీలో అడిగినా ఇటుకలుగా ఇస్తారు. కానీ అది ఆరితే దుమ్మవుతుంది, తడిస్తే పాము మూతికి అంటుకుంటుంది. ఆర్కిడ్లు పెంచేవాళ్లు వాడే స్ఫాగ్నమ్ నాచు నాకు కుదిరింది. తన బరువుకు పది రెట్లకు పైగా నీళ్లు పట్టుకుని కూడా పైకి తడిగా అనిపించదు. ఎంత తడపాలన్న దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. నేనూ వేశాను. డబ్బా అడుగున నీళ్లు నిలిచి, నాలుగో రోజుకు బూజు పట్టింది. కొలత అమ్మ చెప్పింది. నాచును నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండేశాక, చలిమిడికి కొట్టిన తడిపిండిలా ఉండాలట. పిడికిలి బిగిస్తే ముద్ద కావాలి, విప్పితే అరచేతికి నీరు కనబడకూడదు. ఏ మీటరూ ఇంత కచ్చితంగా చెప్పలేదు.

డబ్బాను వెచ్చని వైపున పెట్టాలి. చల్లని వైపు పెడితే అది జలుబు డబ్బా అవుతుంది. మ్యాట్‌కు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకుండా మ్యాట్ పెట్టడం అంటే పామును పెనం మీద పెట్టడమే. వారానికోసారి నాచు మార్చాలి, డబ్బా కడగాలి, పాము అందులో మలవిసర్జన చేస్తే ఆ రోజే. అంతే. మొత్తం ఖర్చు ఆ పొగమంచు యంత్రంలో పదో వంతు. ఆ యంత్రాన్ని ఏమి చేయాలో తెలియక అటకెక్కించాను. చీలిపోయిన మొదటి డబ్బా దాని పక్కనే ఉంది.

పాత పట్టీల సంగతి అడుగుతారేమో. తడిపి పిండిన దిండు గలీబులో అరగంటసేపు పామును వదిలితే, దానిలో అదే రుద్దుకుని చాలావరకు వదిలించుకుంది. తోక ఉంగరం మాత్రం తడిగుడ్డ మధ్య నుంచి మెల్లగా జారనివ్వవలసి వచ్చింది. దాన్ని వదిలేస్తే రక్తం ఆడక తోక కొస ఎండిపోతుంది. కళ్ల పొరల జోలికి నేను వెళ్లలేదు. చిమటాతో లాగి కన్నే పోగొట్టినవాళ్లున్నారు. డబ్బా పెట్టాక వచ్చిన తర్వాతి కుబుసంతో అవి వాటంతటవే వచ్చేశాయి. కళ్లు పాల నీలంగా మారిన రోజునే సుబ్బారాయుడు డబ్బాలోకి దిగాడు. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరినప్పుడు వచ్చే రంగు అది. కొద్ది రోజులకు కళ్లు తేటపడ్డాయి. ఆపై నాలుగో ఉదయం డబ్బా కన్నం దగ్గర మొదలై నీళ్ల గిన్నె దాకా పరుచుకుని ఉంది, చెక్కుచెదరని కుబుసం. అమ్మ జానతో కొలిచి పాము కంటే పొడుగుందని ఆశ్చర్యపోయింది. మడతలు విచ్చుకుని సాగుతుంది కాబట్టి కుబుసం ఎప్పుడూ పాము కంటే పొడుగే. చివర రెండు కంటి బిళ్లలూ స్పష్టంగా కనిపించాయి.

ప్లాస్టిక్ ఎందుకు, కుండ పెట్టవచ్చు కదా అని ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర పాములు పట్టే గిరిజనులైన ఇరుళర్ల సహకార సంఘం ఉంది, 1978 నుంచి నడుస్తోంది. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటినీ పట్టి, విరుగుడు మందు తయారీకి విషం తీసి, కొద్ది వారాల తర్వాత మళ్లీ అడవిలో వదులుతారు. అక్కడ పాములుండేది ఇసుక పోసి, మూతికి గుడ్డ కట్టిన మట్టి కుండల్లో. అది చూసి వచ్చి నేనూ కుండ బోర్లించి కన్నం కొట్టాను. నా గదిలో అది పనిచేయలేదు. కుండ నీరు పీల్చి బయటికి ఆవిరి చేస్తుంది కదా, ఏసీ గాలికి అది మంచినీళ్ల కూజాలా చల్లబడిపోయి లోపల 24 డిగ్రీలకు దిగింది. ఇరుళర్ల కుండలు చెన్నై ఎండకు తగ్గవి, ఏసీకి కాదు. ఆ వేడిలో పాముకు కావలసింది ఆ చల్లదనమే. కుండలో ఇప్పుడు మనీప్లాంట్ ఉంది.

బెంగళూరులో ఉండే మా బావమరిది దగ్గర కార్న్ స్నేక్ ఉంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, దానికి 40 నుంచి 60 శాతం చాలు. కానీ బెంగళూరు మార్చి మధ్యాహ్నాలు ఎంత పొడిగా ఉంటాయో అక్కడున్నవాళ్ల పెదవులకు తెలుసు. అతనూ ఇదే డబ్బా చేశాడు, కుబుసం రోజుల్లో మాత్రమే పెడతాడు. "ఏడాది పొడుగునా ఎందుకు బావా, చాదస్తం కాకపోతే" అంటాడు. ఆ పాముకు అతను చెప్పిందే సరి. ఈ పాముకు నేను చెప్పిందే సరి.

అసలు పామును ఇంట్లో పెట్టుకోవడమే తప్పు కదా అనేవాళ్లతో వాదించడం నాకు కష్టం, ఎందుకంటే సగం నేనూ వాళ్ల పక్షమే. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 72 పాములు పట్టుబడ్డాయి. వాటిలో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు. వాటితో పాటు చచ్చిపోయిన ఆరు కోతులు. అదే ఏడాది ఏప్రిల్‌లో మా చెన్నై విమానాశ్రయంలో 22 పాములు. కోరేవాడు ఉన్నాడు కాబట్టే మోసేవాడు ఉన్నాడు. నేను కొనలేదు, నాకు అప్పగించారు అని చెప్పుకుంటాను గానీ, నా పెట్టె ఫొటో చూసి ముచ్చటపడి ఎవడో ఎక్కడో కొని ఉండవచ్చు. అందుకే ఫొటోలు పెట్టడం మానేశాను. కానీ వచ్చిన పామును ఎక్కడికి పంపను? ఇక్కడి పొదల్లో వదిలితే అదింకో నేరం, ఇంకో పాపం. ఇరవై ఏళ్లు దాటి బతికే జీవి అది. ఉన్నన్నాళ్లూ దానికి ఒక పుట్ట బాకీ ఉన్నాను. సగం పక్షం అటున్నా, వారం వారం నాచు పిండుతూనే ఉన్నాను.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. వేళచ్చేరి సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు, మా సెల్లారులో కార్లు తేలాయి. కరెంటు రెండు రోజులకు పైగా లేదు. ఏసీ లేదు, మ్యాట్ లేదు, గోడలకు చెమట పట్టింది. చల్లదనానికి చెమ్మ తోడైతే ఏమవుతుందో తెలుసు కాబట్టి గ్యాసు మీద నీళ్లు కాచి సీసాలో పోసి, తువ్వాలు చుట్టి పెట్టెలో ఒక మూల పెట్టాను, మూడు గంటలకోసారి మార్చుకుంటూ. రెండో రాత్రి అమ్మ కొవ్వొత్తి పట్టుకుని వచ్చి, "పురుగు ఎలా ఉందిరా" అంది. మీటరు చూశాను, గదిలోనే 88. డబ్బా మూత తీశాను. నాచు ఉంది, పాము లేదు. గుండె ఒక్కసారి జారింది. అమ్మ కొవ్వొత్తిని అటు తిప్పింది. సుబ్బారాయుడు సీసా పక్కన, పొడి వార్తాపత్రిక మీద, తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుని ఉన్నాడు.